ఉల్టా సలహాలు: మెదడు పరిశోధనకు చవక పనిముట్లు చేయించేవాళ్ల కోసం

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఉండి మెదడు మీద పరిశోధన చెయ్యాలని ఉత్సాహపడే విద్యార్థి, పనిముట్ల క్యాటలాగు చూసిన రోజే సగం చల్లబడిపోతాడు. ఎలుక తలను కదలకుండా పట్టి ఉంచే స్టీరియోటాక్సిక్ ఫ్రేము లక్షల్లో ఉంటుంది. వెంట్రుకను పట్టి లాగగల స్విస్ ఫోర్‌సెప్స్ ఒక్కటి వేలల్లో. స్ప్రింగుతో తెరుచుకునే చిన్న కత్తెర అంతకన్నా ఎక్కువ. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు సలహాలు అందుకుంటారు: త్రీడీ ప్రింటర్ కొను, డిజైన్లు ఉచితంగా దొరుకుతాయి, కత్తులు కమ్మరితో కొట్టించు, నీకేం కావాలో కాగితం మీద గీసి ఇచ్చిరా, ఎక్కడా పైసా ఎక్కువ పెట్టకు, తయారయ్యాక ఒక ఎలుక మీద పెట్టి చూడు.

నేను చెప్పేవి వీటన్నిటికీ ఉల్టా. వినడానికి తప్పుడు సలహాల్లాగే ఉంటాయి, అన్నీ ఉన్న పెద్ద ల్యాబుల్లో పనిచేసి వచ్చినవాళ్లకు మరీను. అయినా మన దగ్గరున్న చేతిపనినీ, మన దగ్గర లేని డబ్బునూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే నాకు ఈ దారే సరైనదిగా కనిపిస్తోంది. మన దగ్గర అంటే పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అన్నీ ఇందులోకే వస్తాయి.

కత్తి చెయ్యకండి

ఉక్కు వండిన నేల మీద నిలబడి ఈ మాట అంటే చాలామందికి మింగుడుపడదు. నిర్మల్ చుట్టుపక్కల గుట్టల్లో ఇనుప ఖనిజం. గోదావరికి దక్షిణాన, ఇవాళ నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రంలో కొలుములు. అక్కడ మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూత బిగించి, రాత్రింబవళ్లు గాలి ఊది వండిన ఉక్కు ముద్దలు సముద్రాలు దాటాయి. పడమటి దేశాలవాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. దేశమంతా కొలిచిన త్రికోణమితి సర్వేలో సర్జనుగా, భూగర్భ పరిశోధకుడుగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయ్‌సీ 1820 ప్రాంతంలో ఈ ఊరు చూసి, ఉక్కు చేసే తీరు రాసి పెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి ఇక్కడ ఉక్కు కొనుక్కుపోయేవారని అందులో ఉంది.

ఈ కథలో సర్జరీకి నేరుగా తగిలే కొస ఒకటి ఉంది. 1790ల్లో బొంబాయి నుంచి లండన్ చేరిన వూట్జ్ ముద్దల్ని జార్జ్ పియర్సన్ పరీక్షించి 1795లో రాయల్ సొసైటీకి నివేదిక ఇచ్చాడు. అందులో ఒక ముద్దను కాచి చాకుగా సాగదీసినవాడు జేమ్స్ స్టోడార్ట్. లండన్‌లో సర్జన్లకు పనిముట్లు చేసి అమ్మేవాడు. ఆ ఉక్కు ఆయనకు ఎంత నచ్చిందంటే, తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి దాని గుట్టు విప్పడానికి పూనుకున్నాడు. కమ్మరి కొడుకైన ఫారడే 1819లో వూట్జ్ విశ్లేషణ అచ్చువేశాడు. ఇద్దరూ కలిసి ఉక్కు మిశ్రమాల మీద 1820లో, 1822లో వ్యాసాలు రాశారు. కరెంటు చరిత్రను మార్చిన మనిషి తొలినాళ్ల పెద్ద పని ఒకటి, మూసలో వండిన మన దేశపు ఉక్కు మీదా, సర్జరీ కత్తుల మీదా నడిచింది.

ఇంత చరిత్ర చదివాక మన ఉక్కుతో మన స్కాల్పెల్ చేద్దామన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. వద్దంటున్నాను. వూట్జ్‌లో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, క్రోమియం ఉండదు. పదును బ్రహ్మాండంగా నిలుస్తుంది. ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవులో నాలుగుసార్లు ఉడికితే మాత్రం అంచు తుప్పు పడుతుంది, ఆ తుప్పు గాయంలోకి పోతుంది. ఇవాళ్టి సర్జరీ స్టీలులో 13 శాతం దగ్గర క్రోమియం కలిపేది అందుకే. పైగా విడి బ్లేడు, విడి పిడి పద్ధతికి మోర్గన్ పార్కర్ 1915లోనే పేటెంటు తీసుకున్నాడు. ఏ సర్జికల్ షాపులోనైనా 11 నంబరు, 15 నంబరు బ్లేడ్లు శుద్ధిచేసి, ఒక్కోటి విడిగా సీలువేసి కొద్ది రూపాయలకు ఇస్తారు. రెండూ 3 నంబరు పిడికి సరిపోతాయి. ఎముక తొలిచే డెంటల్ బర్ కూడా అంతే, కొనుక్కోండి. మీరు నెలంతా కష్టపడి సాన పట్టినా ఆ అంచు రాదు. వచ్చినా రెండో ఎలుకకు మొద్దుబారుతుంది. మొద్దుబారిన కత్తితో కోస్తే చర్మం చిరుగుతుంది, వాపు వస్తుంది, మీ రికార్డింగు పాడవుతుంది. అన్నిటికంటే ముందు ఆ జంతువుకు నొప్పి పెరుగుతుంది.

కోనసముద్రం నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఇస్ఫహాన్ వర్తకుడు వందల కోసుల దూరం వచ్చి కొలిమి ఊళ్లో మకాం వేశాడు. కొనేవాడు చేసేవాడి పక్కన కూర్చున్నాడు. కింద చెప్పబోయేవన్నీ ఈ ఒక్క పద్ధతి మీదే ఆధారపడి ఉన్నాయి.

పట్టుకునేవి చేయించండి, పాత మైక్రోస్కోపులు పోగెయ్యండి

అంచు కొనుక్కున్నాక మిగిలేవి పట్టుకునే పనిముట్లు. డబ్బంతా పోయేది వీటికే. మన ఊళ్లలో చేయించుకోగలిగేవీ ఇవే. వీటిలో పెద్దది తల పట్టే ఫ్రేము. 1908లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ, రాబర్ట్ క్లార్క్ దీన్ని లోకానికి చూపించారు. కోతి చిన్నమెదడులో అనుకున్న చోటికే సూది దించాలన్నది వాళ్ల అవసరం. తలను కదలకుండా బిగించి ముందువెనుకలు, కుడిఎడమలు, పైకిందులు మూడు దిక్కులా కొలిచి దించితే లోపల కనిపించని చోటు కూడా దొరుకుతుంది. నూరేళ్లు దాటినా సూత్రం అదే. 1982లో పాక్సినోస్, వాట్సన్ ఎలుక మెదడు అట్లాసు వేశాక ప్రపంచంలో చాలా ల్యాబులు ఆ పటాన్ని చూసే సూది దించుతున్నాయి.

ఫ్రేములో రెండు భాగాలున్నాయి. తలను బిగించేది ఒకటి, సూదిని కొలిచి కదిపేది రెండోది. జనం రెండోదానితో మొదలుపెట్టి మరలు, పట్టాలు చేయించబోయి చేతులెత్తేస్తారు. దాన్ని అసలు చెయ్యకండి. డిగ్రీ కాలేజీల జువాలజీ, బాటనీ స్టోరుగదుల్లో అద్దాలు బూజుపట్టిన పాత మైక్రోస్కోపులుంటాయి. స్లయిడును అటూ ఇటూ జరిపే వాటి స్టేజీకి వెర్నియర్ గీతలుంటాయి, మిల్లీమీటరులో పదో వంతు చదవచ్చు. ఫోకసు తిప్పే పళ్ల పట్టా పైకీ కిందికీ కదలిక ఇస్తుంది. ఆ రెండూ ఒక బరువైన ఇనుప పలకకు బిగిస్తే ఎలుక పనికి చాలినంత కచ్చితత్వం వస్తుంది. రాయించాల్సిన కాగితాలు రాయించి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించుకుని, పారెయ్యబోయేవాటిని తీసుకోండి. పలక మాత్రం బరువుగానే ఉండాలి. తేలికగా, అందంగా, సంచీలో పట్టేలా చేద్దామన్న కోరిక చంపుకోండి. పక్క గదిలో తలుపు వేసినా సూది వణికే ఫ్రేము ఎంత చవకైనా దండగ.

తల బిగించే భాగానికి గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి పోండి. బొగ్గుగనుల ఊళ్లలో బుష్‌లు, షాఫ్టులు తిప్పే లేతు పనివాళ్లు ఉంటారు. వాళ్లకు ఇయర్ బార్ చిన్న పని. చెవి రంధ్రంలోకి పోయే రెండు కడ్డీలు, ముందుపళ్ల కింద ఒక పలక, ముక్కు మీద ఒక పట్టీ, ఇంతే. కష్టమంతా కొనల్లో ఉంది. ఎలుక ఇయర్ బార్ మొనకు మామూలుగా 18 డిగ్రీల వాలు ఇస్తారు. మొన సూదిగా ఉంటే కర్ణభేరి చిరుగుతుంది, మరీ మొద్దుగా ఉంటే తల నిలవదు. రెండు కడ్డీలూ ఒకే గీత మీద ఎదురెదురుగా రావాలి. ఎలుక లేకుండా దగ్గరికి జరిపినప్పుడు రెండు మొనలూ తాకి నిలవాలి. పళ్ల పలక ఎత్తు మార్చుకునే వీలుండాలి. పెద్ద తెల్లెలుకకు పుర్రె చదునుగా కూర్చోవాలంటే అది చెవుల గీతకు దాదాపు 3.3 మిల్లీమీటర్లు కింద ఉండాలి. చదును అయిందీ లేనిదీ తేల్చేవి పుర్రె అతుకులు కలిసే రెండు బిందువులు, బ్రెగ్మా, లాంబ్డా. రెండూ ఒకే ఎత్తులో ఉంటేనే అట్లాసు అంకెలు మీ ఎలుకకు వర్తిస్తాయి.

లేతు దగ్గరికి ఫైలు పట్టుకుని సార్ల లెక్క పోవద్దు. "అన్నా, నాకు గిట్ల కావాలె, నువ్వే చెప్పు ఎట్ల చేద్దామో" అని అడిగి పక్కన నిలబడండి. "ఎన్ని సూతులు ఉండాలె తమ్మీ?" అని ఆయన అడుగుతాడు. హార్డ్‌వేరు లెక్కలో సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్ల పైమాట. మీ ఎలుక పుర్రె మీద బ్రెగ్మా నుంచి లాంబ్డాకు తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. అంటే ఆ దూరమంతా మూడు సూతుల్లో అయిపోయింది. అందుకని మీ స్క్రూగేజి మీరే తీసుకుపోండి.

కొలిచే సామానుకు పైసలు దండిగా పెట్టండి

చవక పనిముట్లు చేసేవాడి గదిలో అన్నిటికన్నా ఖరీదైనవి కొలిచే సామాన్లు అయ్యుండాలి. మిల్లీమీటరులో నూరో వంతు చదివే మంచి స్క్రూగేజి, మంచి వెర్నియర్, రెండు కళ్లతో చూసే డిసెక్టింగ్ మైక్రోస్కోపు. ఈ మూడింటి దగ్గర పిసినారితనం చేస్తే మిగిలిన ప్రతి పనిముట్టూ తప్పుగా తయారవుతుంది, తప్పయిందని మీకు తెలియను కూడా తెలియదు.

బొమ్మ గియ్యకండి, విరిగిన ఫోర్‌సెప్స్ తీసుకుపోండి

ఇది కరీంనగర్ సలహా. ఎలగందుల కోట నీడలో పెరిగి కరీంనగర్ చేరిన వెండి తీగె పనికి, అంటే ఫిలిగ్రీకి, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండిని కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చు కంతల్లోంచి ఒక్కో కంతకు సన్నం చేస్తూ లాగుతారు. రెండు సన్న తీగలు మెలేసి, సాపు చేసి, ఆ మెలిక తీగను శ్రావణంతో వంచి చట్రంలో పూలుగా, ఆకులుగా నింపుతారు. టంకం పొడి, వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో మంట తగిలించి అతుకుతారు. మంట కొంచెం ఎక్కువ తగిలితే పువ్వంతా ముద్దయిపోతుంది. ఆ పట్టు వచ్చిన చేతికి మెదడు పొర ఎత్తే ఫోర్‌సెప్స్ మొన ఏమిటో చెప్పనక్కర్లేదు, చూపిస్తే చాలు.

స్విస్ ఫోర్‌సెప్స్‌లో బాగా సన్నరకం మొన 0.05 మిల్లీమీటర్ల వెడల్పు, 0.02 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇది మొదటినుంచి చెయ్యడం ఎవరితోనూ కాదు, ఆ ఆలోచన మానండి. కానీ ఇలాంటి ఫోర్‌సెప్స్ కింద పడి మొన వంగితే ల్యాబులు పారేస్తాయి. హైదరాబాద్‌లోని పెద్ద ల్యాబుల్లో మీకు తెలిసినవాళ్లుంటే, అలా పక్కన పడేసినవి అడిగి తెచ్చుకోండి. మైక్రోస్కోపు కింద పెట్టి అవుసలి పెద్దాయనకు చూపించండి. "ఏం బిడ్డా, మొనలు కలుస్తలేవు గదా" అని ఆయనే చెప్తాడు. సన్న నూనెరాయి మీద రెండు మొనలనూ కలిపి పట్టి పక్కలు సమానంగా అరగదీస్తే, పొడవు అర మిల్లీమీటరు తగ్గినా మళ్లీ వెంట్రుకను పట్టే పనిముట్టు వస్తుంది. కొత్తవి చెయ్యడం కన్నా పాతవి బాగుచెయ్యడంలోనే మన చవక ఉంది. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టూ గడియారాలు బాగుచేసేవాళ్లు మిగిలి ఉన్నారంటే వాళ్ల దగ్గరికీ పోండి. ఈ ఫోర్‌సెప్స్ మొదట గడియారాల పనికి పుట్టినవే.

ఒక జాగ్రత్త. టంకం అతుకు గాయాన్ని తాకే పనిముట్టు మీద ఎక్కడా ఉండకూడదు. కొన్ని టంకాల్లో కాడ్మియం, సీసం ఉంటాయి. అతుకు సందులో రక్తం ఇరుక్కుంటుంది. ఒకే ముక్కలోంచి వంచిందో, రాపిడి పెట్టిందో అయితేనే తీసుకోండి.

అవుసలి వీధిలో మీకు దొరికే అసలు సరుకు ఇంకోటి ఉంది: వెండి తీగ. మెదడులో, నరంలో పుట్టే కరెంటును కొలవడానికి ప్రపంచమంతా వాడే ఎలక్ట్రోడు క్లోరైడు పొర ఎక్కిన వెండి తీగే. ఫిలిగ్రీ పనికి మెత్తని, దాదాపు కల్తీ లేని వెండి కావాలి. ఎలక్ట్రోడుకూ అదే కావాలి. "పెద్దయ్యా, రాగి కలవని తీగ కావాలె" అని అడగండి. నగల వెండిలో కలిపే 7.5 శాతం రాగి మీ సిగ్నలును నిలవనివ్వదు, కణజాలానికి విషం కూడా. తీగను స్పిరిటుతో తుడిచి, బట్టలు తెల్లబరిచే హైపోక్లోరైట్ ద్రవంలో పావుగంట, అరగంట ఉంచితే బూడిద, ఊదా కలిసిన రంగు పొర ఎక్కుతుంది. నీళ్లతో కడగండి, ఎలక్ట్రోడు తయారు. దీన్ని మెదడులో రోజుల తరబడి వదిలెయ్యకండి, వెండి మెదడు కణజాలాన్ని చెడగొడుతుంది. అలాంటి పనికి స్టెయిన్‌లెస్ స్టీలు మర, ప్లాటినం తీగ, టంగ్‌స్టన్ ఉన్నాయి. 1957లో డేవిడ్ హ్యూబెల్ టంగ్‌స్టన్ తీగ కొనను కరెంటుతో కరిగించి సన్నం చేసి, ఒక్కో కణాన్నీ వినగల ఎలక్ట్రోడు తనే చేసుకున్నాడు. 1981 నోబెల్ దాకా తీసుకుపోయిన పని మొదలైంది అక్కడే.

ఎలుకను వదిలెయ్యండి, దసలి చిలుకతో మొదలుపెట్టండి

నాకు బాగా ఇష్టమైన సలహా ఇది, అందరూ కొట్టిపారేసేదీ ఇదే. న్యూరోసైన్సు అనగానే ఎలుక, కోతి గుర్తొస్తాయి. మనకు చెన్నూరు, మహాదేవ్‌పూర్ అడవులున్నాయి. అక్కడ మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచుతారు. గూడు చీల్చుకుని వచ్చే రెక్కల పురుగు, అంటే చిలుక, ఏమీ తినదు, కొద్దిరోజులే బతుకుతుంది. మగదాని మీసాలు ఈకల్లా వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి. చీకట్లో ఆడచిలుక వదిలే వాసనను పట్టేవి అవే.

1957లో జర్మనీలో డీట్రిష్ ష్నైడర్ మామూలు పట్టుచిలుక మీసానికి రెండు ఎలక్ట్రోడ్లు తగిలించి, ఆడచిలుక వాసన ఊదినప్పుడు ఆ మీసంలో కరెంటు మార్పు వస్తుందని చూపించాడు. రెండేళ్ల తర్వాత రసాయన శాస్త్రవేత్త బ్యూటెనాంట్ ఆ వాసన పదార్థం ఏమిటో తేల్చాడు. దాన్ని రాబట్టడానికి అయిదు లక్షల దాకా ఆడచిలుకలు పట్టాయి. ష్నైడర్ పద్ధతి ఇవాళ్టికీ వాడుకలో ఉంది. కావాల్సినవి ఎంత కొద్దివో చూడండి: కరీంనగర్ వెండి తీగలు రెండు, వాటికి క్లోరైడు పొర, ఉప్పునీటి ద్రావణం నింపిన రెండు సన్న గాజు గొట్టాలు, మీసాన్ని కోసే ఒక కొత్త బ్లేడు, ఒక మంచి ఆంప్లిఫయరు. సిగ్నలు మిల్లీవోల్టుల్లో వస్తుంది, ఒక్కో కణాన్ని వెతికే కష్టం లేదు. కోసిన మీసం కొంతసేపు స్పందిస్తూనే ఉంటుంది. ఇక్కడి పురుగు, ఇక్కడి లోహం, ఇక్కడి రైతుకు పనికొచ్చే ప్రశ్న: ఏ ఎండకు, ఏ తేమకు మగచిలుక వాసన పట్టడం తగ్గుతోంది? ఇది చిన్న ప్రశ్న అని ఎవరైనా అంటే వాళ్లను మద్ది చెట్ల కింద ఒక సీజను తిప్పండి.

పైగా పనిముట్ల చదువు ఇక్కడే అయిపోతుంది. చెయ్యి వణకడం, ఎలక్ట్రోడు ఆరిపోవడం, కరెంటు హమ్ము, అన్నీ పురుగు దగ్గరే తెలిసొస్తాయి. ఎలుక దాకా పోయేసరికి ఆ పాఠాల మూల్యం దాని మీద పడదు.

కోసి చూడకండి, ఉడికించి చూడండి

తయారైన పనిముట్టు పరీక్ష పొయ్యి మీద జరగాలి. ఆటోక్లేవు అంటే 121 డిగ్రీల ఆవిరి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి. ఆ ఒత్తిడి నిలిచే మంచి ప్రెషర్ కుక్కరు పరీక్షకు చాలు. గాయాన్ని తెరిచి పట్టే మీ కొత్త రిట్రాక్టరునో, ఇయర్ బారునో ఉడికించండి, ఆరనివ్వండి, మళ్లీ ఉడికించండి. వారం పాటు ఇదే పని. తర్వాత మైక్రోస్కోపు కింద చూడండి. మచ్చ కనిపించిందా, పక్కన పెట్టండి. స్టెయిన్‌లెస్ అని అమ్మినది కాదేమోనని అనుమానం వస్తే మైలుతుత్తం ద్రావణం ఒక చుక్క వేసి కొన్ని నిమిషాలు చూడండి. పైన విడి ఇనుము ఉంటే రాగి ఎర్రగా తేలుతుంది. లేతు పనిలో అంటుకున్న ఇనుప రజను పోవడానికి వేడి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టడం మంచి పద్ధతి.

బోరు నీళ్లు వాడకండి. స్టీలుకు శత్రువు క్లోరైడు. రక్తంలో, సెలైనులో ఉండేదీ అదే. ఆపరేషన్ అయిన వెంటనే డిస్టిల్డ్ నీళ్లతో కడిగి తుడిచిన నాసిరకం ఫోర్‌సెప్స్, రాత్రంతా ట్రేలో వదిలేసిన స్విస్ ఫోర్‌సెప్స్ కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

త్రీడీ ప్రింటర్ గొడవ ఇక్కడే తేలిపోతుంది. చవక ప్రింటర్లు వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆదిలాబాద్ మే నెలలో ఎండలో నిలిపిన కారులోనే వంగిపోతుంది, ఆటోక్లేవు సంగతి చెప్పనే అక్కర్లేదు. పొర మీద పొర పేర్చిన గాడుల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. టామ్ బాడెన్, ఆయన సహచరులు 2015లో ల్యాబు సామాన్లు ప్రింటు చేసుకోవడం మీద మంచి వ్యాసం రాశారు. ఆఫ్రికాలో శిక్షణలు ఇచ్చి చూపించారు కూడా. పైపెట్లు, స్టాండ్లు, పట్టీలు, సాధనకు పుర్రె నమూనాలు, వీటికి ప్రింటరు బంగారం. గాయాన్ని తాకే దేనికీ వద్దు. అందుకే ప్రింటరును మొదట కొనకండి, ఆఖరున కొనండి.

ఓజ కళాకారుల డోక్రాను కూడా ఇందులోకి లాగకండి. కేస్లగూడ, ఉషేగావ్ పక్కల మైనపు దారం చుట్టి పోసే ఇత్తడి పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ దారపు గీతల అందమే సర్జరీకి అడ్డు. ప్రతి గీతా రక్తం నిలిచే సందు. ఇత్తడిలోని రాగి నరాలకు మంచిది కాదు. మన జిల్లా కళ అని ప్రతిదాన్నీ ప్రయోగశాలలోకి ఈడ్చుకొస్తే కళకూ మేలు లేదు, ఎలుకకూ లేదు.

గుడ్డు మీద గుండ్రం గియ్యండి

పుర్రె తొలవడం కోడిగుడ్డు మీద నేర్చుకోండి. పెంకు మందం ఇంచుమించు చిట్టెలుక పుర్రె మందానికి దగ్గరే, ఆ పుర్రె ఇంకొంచెం పలచన. పెన్సిలుతో మూడు మిల్లీమీటర్ల గుండ్రం గీసి, అర మిల్లీమీటరు బర్‌తో ఆ గీత చుట్టూ తొలవండి. లోపలి తెల్ల పొర చిరగకూడదు. పొర తడి కనిపించిందంటే మెదడు మీది డ్యూరా చిరిగినట్టే. బర్ ఆపకుండా ఒకే చోట తిప్పితే వేడి పుడుతుంది, ఆ వేడికి కింద మెదడు ఉడుకుతుంది. అందుకని ఆగుతూ, చల్లని సెలైను చుక్కలు వేస్తూ తొలవడం గుడ్డు మీదే అలవాటు చేసుకోండి. కొత్త డ్రిల్లు చేయించుకున్నా మొదటి పరీక్ష ఇదే పెట్టండి.

"సరిపోతుందిలే" అనకండి

చవక పనిముట్టు ఖరీదైనదానికి ఏ మాత్రం తీసిపోదని చూపించేదాకా దాన్ని వాడకండి. అది చూపించవచ్చు కూడా. మెదడులో నీరు చేరిన పిల్లలకు ఆ నీరు తీసెయ్యడానికి వేసే షంట్ మన దేశంలో ఛాబ్రా పేరుతో తయారవుతుంది, 35 డాలర్ల దగ్గర దొరికేది. విదేశీ షంట్ అప్పట్లో 650 డాలర్లు ఉండేది. ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ 195 మంది పిల్లల్లో ఈ రెండింటినీ పోల్చి 2005లో ప్రకటించాడు. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.  మీ ఇయర్ బార్లతో పట్టిన ఎలుక తల ఎంత కదులుతుందో, కొన్న ఫ్రేములో ఎంత కదులుతుందో కొలిచి పక్కపక్కన రాయండి. తీసిపోతే తీసిపోయిందనే రాయండి.

కొలతలతో పాటు వాడేవాళ్లను దగ్గరుండి చూడటమూ కావాలి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లల కాలిపర్లు మూడు కిలోల బరువు ఉండేవి. క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థంతో అవి 300 గ్రాములకు దిగాయని అబ్దుల్ కలాం ఎన్నోసార్లు చెప్పుకున్నారు. క్షిపణి చేసేవాళ్లు ఆ వార్డులోకి పోయి పిల్లల నడక చూశారు కాబట్టే అది జరిగింది.

కమిటీని పనిముట్టు కంటే ముందు కలవండి

వెన్నెముక ఉన్న ఏ జంతువు మీద ప్రయోగానికైనా 1960 జంతు హింస నివారణ చట్టం, 1998 నియమాలు వర్తిస్తాయి. సంస్థ నమోదు కావాలి, సంస్థలోని జంతు నైతిక కమిటీ ఒప్పుకోవాలి. నమోదైన జంతుగృహం లేని కాలేజీలో ఎలుకను ముట్టుకోకండి, నమోదైన చోటికి మీ పనిముట్లు పట్టుకుపోండి. పనిముట్టు గీత కూడా గియ్యకముందే కమిటీలోని పశువైద్యుడిని కలిసి ఏం చేయించబోతున్నారో చెప్పండి. చెవి కడ్డీ కొన గురించి, మత్తులో ఎలుక ఒంటి వేడి నిలపడం గురించి ఆయన చెప్పే రెండు మాటలు మీకు రెండు నెలలు ఆదా చేస్తాయి. ఇది అడ్డంకి అని చాలామంది విసుక్కుంటారు. నా దృష్టిలో మీ పనిముట్టుకు దొరికే మొదటి ఉచిత పరీక్ష ఇదే.

బేరం ఆడకండి

చవక పనిముట్టు అంటే చవక కూలి కాదు. లేతు పనివాడికీ, అవుసలికీ వాళ్ల రోజు కూలి లెక్కన, పాడైన ముక్కలకు కూడా కలిపి ఇవ్వండి. మొదటి రెండు మూడు ముక్కలు పాడవుతాయి. ఆ ఖర్చు పరిశోధనది, వాళ్లది కాదు. డబ్బు ఆదా అయ్యేది కొలతలు తప్పకపోవడం వల్ల, పాతవి బాగుచేసుకోవడం వల్ల, చెయ్యలేనివి చెయ్యబోకపోవడం వల్ల.

పని అయ్యాక కొలతలు, ఏ స్టీలు, ఏ దుకాణపు లేతు, ఎన్నిసార్లు ఉడికించారు, ఎక్కడ విఫలమైంది, అన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, ఫొటోలు పెట్టి ఎవరైనా తీసుకునేలా ఉంచండి. రేపు ఆసిఫాబాద్‌లో ఒకమ్మాయి అదే ఇయర్ బార్ చేయించుకోబోతే 18 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలి, సున్నా దగ్గర కాదు. పేపరు అచ్చయినప్పుడు కృతజ్ఞతల్లో గైడు పేరు, గ్రాంటు పేరు వచ్చే చోటే ఆ తీగ లాగిన అవుసలి పేరు, కడ్డీ తిప్పిన లేతు పనివాడి పేరు వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన స్పెల్లింగుతో వెయ్యండి. ఒక ప్రతి తీసుకుపోయి వాళ్ల దుకాణంలో ఇచ్చి రండి. తర్వాతి పనిముట్టు గురించి మాట అక్కడే మొదలుపెట్టవచ్చు.